మన్ననూర్ గేటు నుంచి టీసీపీ దాకా: దారిలో ఎవరికెంత అని రాసిందెవరు?

పోస్టు జర పెద్దగనే ఉంది, తీరిక చేసుకొని చదవండి.

మన గ్రూపులో బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివేటోళ్ళు చానామందే ఉన్నరు. నెట్‌వర్క్స్ సబ్జెక్టు రాగానే అందరి బాధ ఒకటే. కంజెషన్ కంట్రోల్, లీకీ బకెట్, టోకెన్ బకెట్, స్లో స్టార్ట్... పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టి, పొద్దున రాసి, మధ్యాహ్నానికి మర్చిపోతం. పుస్తకంలో ఆ పేర్లు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటయి. ఎవరు రాసిండ్రు, ఏ ఏడు రాసిండ్రు, ఏ కష్టం వస్తే రాసిండ్రు అనేది మనకు ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టులో ఆ చరిత్ర చెప్తున్న. ఈ కథ దూర దేశాల్లో మొదలైతది గని, తిరిగి తిరిగి మన అచ్చంపేట అడవి అంచుకే వస్తది.

1. మనకు ముందే తెలిసిన ట్రాఫిక్ కంట్రోల్

అచ్చంపేట వైపు పుట్టినోళ్ళకు ట్రాఫిక్ కంట్రోల్ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూర్ దగ్గర అటవీ శాఖ గేటు ఉంటది. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రాత్రి 9 గంటలకు గేటు పడ్డదంటే మళ్ళా పొద్దున 6 గంటలకే లేస్తది. జంతువులు రోడ్డు దాటుతయి కాబట్టి ఆ నియమం. ఆలస్యంగా వచ్చిన బండ్లు గేటు ముందట లైను కట్టి తెల్లారేదాకా ఆగుతయి. అడవి లోపల ఆగవు, బయటనే ఆగుతయి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తది. నెట్‌వర్క్ పుస్తకాల్లో దీన్నే అడ్మిషన్ కంట్రోల్ అంటరు.

ఇంకోటి సలేశ్వరం జాతర. చైత్ర పౌర్ణమికి ఏడాదికి కొన్ని రోజులే దారి ఇస్తరు. ఫరహాబాద్ దగ్గర పెద్ద రోడ్డు దిగి అడవి లోపలికి పోయి, ఆఖరుకు లోయలోకి కాలిబాటన దిగాలె. దిగేటోళ్ళు, ఎక్కేటోళ్ళు ఒకటే ఇరుకు బాట. పై నుంచి జనం నెట్టుకుంటూ దిగితే, దర్శనం అయినోళ్ళు పైకి రాలేరు. వాళ్ళు రాకపోతే లోపల జాగ ఖాళీ కాదు. జాగ లేకపోతే దిగేటోళ్ళు ఆగిపోతరు. ఆగినకొద్దీ వెనుకనుంచి ఇంకా నెడతరు. అందరూ కదలాలనే చూస్తరు, కానీ ఎవ్వరూ కదలరు. 1986లో ఇంటర్నెట్‌కు వచ్చిన రోగం అచ్చంగా ఇదే. దానికి ముందు రెండు మెట్లు ఎక్కుదాం.

2. టెలిఫోన్ కాలం: ఎర్లాంగ్ లెక్క

లైన్లలో రద్దీని మొదట లెక్క కట్టింది కంప్యూటరోళ్ళు కాదు, టెలిఫోనోళ్ళు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో అగ్నర్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు పనిచేసేవాడు. ఊర్లో వందల మందికి ఫోన్లు ఉన్నయి, కానీ అందరూ ఒక్కసారే మాట్లాడరు. మరి ఎక్స్చేంజిలో ఎన్ని లైన్లు వేస్తే సరిపోతది? తక్కువ వేస్తే జనం తిడతరు, ఎక్కువ వేస్తే కంపెనీకి నష్టం. 1909లో ఆయన దీని మీద వ్యాసం రాసిండు. కాల్స్ ఎప్పుడొస్తయో తెలియకపోయినా, సగటున ఎన్నొస్తయి, ఒక్కోటి ఎంతసేపు నడుస్తది అనేది తెలిస్తే చాలు, లైను దొరకకపోయే అవకాశం ఎంతో చెప్పొచ్చని తర్వాతి ఏండ్లలో చూపించిండు. ఇప్పటికీ ఫోన్ ట్రాఫిక్ కొలతకు ఆయన పేరే ఉంది. మన సిలబస్‌లో క్యూయింగ్ థియరీ పుట్టింది అక్కడే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎర్లాంగ్ లెక్కలో ఫోన్ ఉన్నోళ్ళే లెక్క. ఫోన్ లేనోడు ఆ లెక్కలోకి రానే రాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఇచ్చిన ప్రశ్నే అది. కానీ ఈ సంగతి చివరిదాకా మన వెంట వస్తది.

3. మాటను ముక్కలు చేసుడు

టెలిఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకున్నంతసేపు ఒక లైను మొత్తం వాళ్ళదే. మధ్యలో ఇద్దరూ నోరు మూసుకున్నా, లైను ఇంకొకరికి రాదు. కంప్యూటర్లకు ఇది సరిపోదు. కంప్యూటరు ఒక్కసారి బోలెడు పంపుతది, తర్వాత చాలాసేపు ఊకుంటది.

1960ల మొదట్లో అమెరికాలో పాల్ బారన్, ఆ తర్వాత బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ ఎవరికి వారే ఒకే ఆలోచనకు వచ్చిండ్రు. సమాచారాన్ని చిన్న ముక్కలు చెయ్యాలె, ప్రతి ముక్క మీద చిరునామా రాయాలె, అందరి ముక్కలూ ఒకటే దారిలో కలిసి పోవాలె. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్. మన బస్సు లెక్కనే. ఒక్కరి కోసం బస్సు మొత్తం ఆపరు, ఎవరి టికెట్ వాళ్ళది, ఎవరి స్టాప్ వాళ్ళది.

1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో ఆర్పానెట్ మీద మొదటి సందేశం పంపిండ్రు. 'లాగిన్' అని కొట్టబోయి ఇంగ్లీషులో రెండక్షరాలు పోంగనే అవతలి సిస్టమ్ కుప్పకూలింది. మొదటి రోజే లొల్లి అన్నట్టు! 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ వేరువేరు నెట్‌వర్కులను కలిపే పద్ధతిని రాస్తే, అదే పెరిగి టీసీపీ ఐపీ అయ్యింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం దానికి మారింది.

టీసీపీ చేసే పని చిన్నగా చెప్తే ఇది: ప్యాకెట్ పంపుతది, 'ముట్టింది' అనే రసీదు కోసం చూస్తది. కొంతసేపటికి రసీదు రాకపోతే అదే ప్యాకెట్ మళ్ళా పంపుతది. బాగానే ఉంది కదా? ఇక్కడే ఉంది మెలిక.

4. 1986 అక్టోబరు

కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయం పక్కపక్కనే ఉంటయి. దూరం దాదాపు 400 గజాలు. 1986 అక్టోబరులో ఆ రెండింటి మధ్య నెట్ వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదు, వందలు కాదు, 40.

40 బిట్లంటే ఎంతనో మన లెక్కలో చూద్దాం. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో 'అచ్చంపేట' అని రాస్తే ఒత్తులు, గుణింతాలు కలిపి 8 గుర్తులు, ఒక్కోదానికి 24 బిట్లు, మొత్తం 192 బిట్లు. ఆనాటి ఆ లైను మీద ఊరి పేరు ఒక్కటి పంపాలంటేనే దాదాపు 5 సెకన్లు. 400 గజాలు నడిచిపోయి చిట్టీ ఇచ్చి వచ్చినా ఎక్కువ సమాచారమే అందేది.

తీగ తెగలేదు, మిషన్లు చెడిపోలేదు. మరి ఏమైంది? రద్దీ పెరిగి రసీదులు ఆలస్యమైనయి. పంపేటోడు 'ప్యాకెట్ పోయినట్టుంది' అనుకొని మళ్ళా పంపిండు. అందరూ అట్లే పంపిండ్రు. లైను నిండా ఒకటే ప్యాకెట్‌కు నకళ్ళు. ముందే ముట్టినవే మళ్ళా మళ్ళా పోతున్నయి, కొత్తవి పోవడానికి సందు లేదు. సలేశ్వరం బాట గుర్తొచ్చిందా? రిజల్ట్స్ రోజు సైటు తెరుచుకోకపోతే మనమందరం రిఫ్రెష్ కొడతనే ఉంటం చూడండి, అదీ ఇదే. సైటు నెమ్మదిగా ఉందని కొడతం, కొట్టినందుకే అది ఇంకా నెమ్మదైతది. దీనికి పుస్తకంలో పేరు కంజెషన్ కొలాప్స్. ఇట్ల జరగొచ్చని జాన్ నాగల్ అనే ఇంజనీరు 1984లోనే రాసి హెచ్చరించిండు.

ఆ ల్యాబ్‌లో పనిచేసే వాన్ జాకబ్సన్ దీని వెంట పడ్డడు. మైకేల్ కారెల్స్‌తో కలిసి మందు కనిపెట్టి 1988లో వ్యాసం అచ్చేసిండు. ఆయన మూల సూత్రం మన గేటు కాడి వాచర్‌కు కూడా అర్థమైతది: లోపలి నుంచి ఒకటి బయటికొస్తేనే, కొత్తది ఒకటి లోపలికి పోవాలె. రసీదు వచ్చిందంటే ఒక ప్యాకెట్ దారి దిగిందని అర్థం, అప్పుడే ఇంకోటి పంపు.

మొదట ఎంత పంపాలో తెలియదు కాబట్టి 1తో మొదలుపెట్టి, రసీదులు వస్తుంటే 2, 4, 8 అని పెంచుకుంటూ పోవాలె. ఇదే స్లో స్టార్ట్. పేరుకే స్లో, నిజానికి రెట్టింపు దుంకుడు. ఒక హద్దు దాటినంక ఒక్కొక్కటే పెంచాలె. ప్యాకెట్ పోయిందంటే దారి ఇరుకైందని తెలుసుకొని తగ్గాలె. 1988 నాటి టాహో పద్ధతి మళ్ళా 1కి దిగుతది. 1990లో వచ్చిన రెనో, నడుమ ఒక్క ప్యాకెట్ పోతే సగానికే దిగుతది. ఈ రెండూ బర్క్‌లీ యూనిక్స్ విడుదలల పేర్లు, పరీక్షలో తేడా రాయమంటే ఇంతే తేడా.

ఇందులో నాకు మస్తు నచ్చే సంగతి ఒకటుంది. దారి మధ్యలో పోలీసును పెట్టలేదు. పంపేటోడే తనంతట తాను తగ్గాలె. ఎదుటోళ్ళెవరో తెలియదు, ఎంతమంది ఉన్నరో తెలియదు, అయినా దారి అందరిదని ఒప్పుకొని తగ్గాలె. ఇంటర్నెట్ ఇప్పటిదాకా నిలబడ్డదంటే ఆ ఒప్పందం మీదనే.

5. బెంగళూరులో చదివిన ఇద్దరు

1988లో అదే సభలో ఇంకో వ్యాసం కూడా వచ్చింది. రాసింది రాజ్ జైన్, కె.కె. రామకృష్ణన్. ఇద్దరూ బెంగళూరు ఐఐఎస్సీలో చదివి అమెరికా పోయి, అప్పటికి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్నరు. జాకబ్సన్ పద్ధతిలో ప్యాకెట్ పోయినంకనే రద్దీ తెలుస్తది. వీళ్ళు అన్నరు: పోయేదాకా ఎందుకు ఆగాలె? మధ్యలో ఉన్న రూటర్‌కు తన లైను నిండుతున్నట్టు ముందే తెలుసు కదా. ప్యాకెట్ మీద ఒక్క బిట్ మార్చి పంపితే, ముందట ఇరుకుందని పంపేటోడికి తెలుస్తది. ఒకే ఒక్క బిట్. ఇదే ఆలోచన పెరిగి 2001లో ఈసీఎన్ అనే ఇంటర్నెట్ ప్రమాణమైంది. దాన్ని రాసిన ముగ్గురిలో రామకృష్ణన్ ఒకరు.

1989లో డామింగ్ చియు, రాజ్ జైన్ ఇంకో సంగతి రుజువు చేసిండ్రు. పెంచేటప్పుడు కొంచెం కొంచెం కూడాలె, తగ్గేటప్పుడు సగం లాంటి ఒక నిష్పత్తిలో దిగాలె. ఎందుకట్ల? ఒకడి దగ్గర 40, ఇంకొకడి దగ్గర 10 ఉన్నయనుకోండి, తేడా 30. ఇద్దరూ సగానికి దిగితే 20, 5. తేడా 15కు వచ్చింది. ఇద్దరూ ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతే తేడా 15 దగ్గరే ఉంటది, పెరగదు. మళ్ళా సగం చేస్తే ఏడున్నర. ఇట్ల ప్రతి దెబ్బకు తేడా సగమైతది, ఆఖరుకు ఇద్దరూ సమానమైతరు. ఎక్కువున్నోడు ఎక్కువ వదులుకుంటడు, తక్కువున్నోడు తక్కువ వదులుకుంటడు. ఎవరి దయా అక్కర లేకుండా లెక్కే సమానత్వం తెస్తది.

సమానంగా పంచినమా లేదా అని కొలిచేందుకు రాజ్ జైన్, తోటివాళ్ళు 1984లోనే ఒక సూచిక ఇచ్చిండ్రు. అందరి వాటాలు కూడి వర్గం చెయ్యాలె. దాన్ని, ఒక్కో వాటా వర్గాల మొత్తాన్ని మనుషుల సంఖ్యతో గుణించగా వచ్చినదానితో భాగించాలె. జవాబు 1 వస్తే పూర్తి సమానం. నలుగురిలో ఒక్కడే మొత్తం తింటే జవాబు నాలుగో వంతు, అంటే 0.25. దీన్ని చేతిలో పెట్టుకోండి, చివర్లో మన ఊర్ల మీద వేసి చూద్దాం.

6. అదే 1986లో మన దగ్గర

బర్క్‌లీలో లైను కుప్పకూలిన ఏడే, మన దేశంలో ఎర్నెట్ మొదలైంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలుపెట్టింది. మొదటి జాబితాలో అప్పటి 5 ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఎన్‌సీఎస్‌టీ, ఆ శాఖ. అంతే. ఆ మొదటి జాబితాలో హైదరాబాద్ లేదు. ఉస్మానియా 1918 నుంచి ఉంది, జేఎన్‌టీయూ 1972 నుంచి, సెంట్రల్ యూనివర్సిటీ 1974 నుంచి ఉన్నయి. అయినా మొదటి వరుసలో లేవు.

సర్కారు ఆఫీసుల వైపు ఎన్. శేషగిరి నడిపిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఇంకో దారి పట్టింది. ఊరూరికీ తీగ వేసేదాకా ఆగలేక, 1980ల చివర్లో ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపింది. అదే నిక్‌నెట్. మిద్దె మీద ఒక చిన్న డిష్, కింద ఒక కంప్యూటరు. అట్ల నెట్‌వర్క్ మహబూబ్‌నగర్ లాంటి జిల్లా కేంద్రాల దాకా వచ్చింది. అక్కడి నుంచి అచ్చంపేటకు, అచ్చంపేట నుంచి అమ్రాబాద్‌కు కాగితం బస్సుల్నే తిరిగింది.

సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇచ్చింది. దానికి ఏడాది ముందు సికింద్రాబాద్‌లో రైల్వే వాళ్ళ కాన్సర్ట్ మొదలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలు ఒకటే నెట్‌వర్క్ అయినయి. తెలుగు నేల మీద సామాన్యుడు మొదట నెట్‌వర్క్‌ను ముట్టుకున్నది బహుశా రైల్వే కౌంటర్ కాడనే కావొచ్చు. 2011 నవంబరులో మీసేవ వచ్చింది, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం ఆన్‌లైన్ అయినయి. 2016 నుంచి డిగ్రీ అడ్మిషన్లు దోస్త్ ద్వారా నడుస్తున్నయి. మనకు నెట్ అంటే సరదా తర్వాత సంగతి. మొదట అది సర్టిఫికెట్, సీటు, స్కాలర్‌షిప్.

మన పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. ఎర్నెట్ మొదలైన 22 ఏండ్లకు. ఈ అంతరం గుర్తుంచుకోండి.

7. నియమంలోనే ఉన్న రెండు వంకరలు

జాకబ్సన్ నియమం అందరికీ ఒకటే అన్నం. కానీ అది రాసింది తీగలున్న చోట, దగ్గర దగ్గర ఉన్న క్యాంపస్‌లలో. దాన్ని మన దగ్గరికి తెస్తే రెండు వంకరలు కనబడతయి.

మొదటిది దూరం. రసీదు వచ్చిన తర్వాతే వాటా పెంచుకోవాలె కదా. దగ్గరున్నోడికి రసీదు 20 మిల్లీసెకన్లలో వస్తే, సెకనులో 50 సార్లు పెంచుకుంటడు. ఉపగ్రహం మీద ఆధారపడ్డోడి సంగతి చూడండి. భూమి నుంచి ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు. ప్యాకెట్ పైకి పోయి కిందికి రావాలె, రసీదు మళ్ళా పైకి పోయి కిందికి రావాలె. కాంతి వేగంతో పోయినా అర సెకను. అంటే సెకనులో రెండే సార్లు పెంచుకుంటడు. లైను ఒకటే, నియమం ఒకటే, కానీ దగ్గరోడి వాటా పెద్దది, దూరపోడి వాటా చిన్నది. ఎవరూ కావాలని చేయలేదు. నియమంలోనే అట్ల పడ్డది.

రెండోది సిగ్నల్. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని టీసీపీ నమ్ముతది. తీగల లోకంలో అది చాలావరకు నిజం. టవర్ దూరంగా ఉండి, మధ్యలో గుట్ట అడ్డముంటే, రద్దీ లేకున్నా ప్యాకెట్ పోతది. అప్పుడు కూడా టీసీపీ సగానికి తగ్గుతది. అంటే సిగ్నల్ బలహీనంగా ఉన్నోడికి రెండు దెబ్బలు. సిగ్నల్ లేకపోవుడు ఒకటి, లేనందుకు వేగం తగ్గించే శిక్ష ఇంకోటి. 2020లో సెప్టెంబరు 1 నుంచి టీవీలో, టీశాట్‌లో బడి పాఠాలు నడిచినయి, కాలేజీ పిల్లలకు ఫోన్‌లోనే క్లాసులు. అప్పుడు గుట్ట ఎక్కి, వాటర్ ట్యాంకు ఎక్కి కూసున్నోళ్ళు మనలోనే ఉన్నరు. సారు మాట ఆగి ఆగి వచ్చేది. టవర్ మాటెట్లున్నా, ఆ ఆగుడులో ఈ నియమం వాటా కూడా ఉంటది.

ఈ వంకరలను సరిచేసే ప్రయత్నాలు కూడా చరిత్రలో ఉన్నయి. ఐఐటీ మద్రాసులో చదివిన హరి బాలకృష్ణన్, 1995లో బర్క్‌లీలో తోటివాళ్ళతో కలిసి స్నూప్ అనే పద్ధతి రాసిండు. గాలిలో పోయిన ప్యాకెట్‌ను టవర్ కాడనే మళ్ళా పంపి, అసలు పంపేటోడు అనవసరంగా తగ్గకుండా చూసే ఉపాయం అది. తర్వాత నార్త్ కరోలినాలో క్యూబిక్ వచ్చింది. అందులో వాటా పెరుగుడు రసీదుల మీద కాకుండా గడియారం మీద నడుస్తది, దూరం దెబ్బ తగ్గుతది. లినక్స్‌లో 2006 నుంచి మామూలుగా ఉండేది అదే. 2016లో గూగుల్ ఇంజనీర్లు, వాళ్ళలో ఆ వాన్ జాకబ్సన్ కూడా ఒకరు, బీబీఆర్ అనేది తెచ్చిండ్రు. అది పోయిన ప్యాకెట్లను కాదు, దారి వెడల్పును, ఆలస్యాన్ని కొలిచి నడుస్తది.

అంటే 1988 నియమం రాతి మీది రాత కాదు. ఇబ్బంది ఎవరికో కనబడ్డది, వాళ్ళు మార్చిండ్రు.

8. లెక్కలోనే లేనోళ్ళు

ఇప్పుడు రాజ్ జైన్ సూచిక బయటికి తీద్దాం. ఊహకు ఒక మండలం అనుకోండి. లైను ఉన్న ఊర్లు 4, ఒక్కో ఊరికి 10 వాటాలు. అన్నీ సమానం, సూచిక 1. కాగితం మీద పూర్తి న్యాయం. ఆ మండలంలోనే లైను లేని పెంటలు 6 ఉన్నయి. వాటిని సున్నా వాటాతో లెక్కలో రాస్తే? వాటాల మొత్తం 40, దాని వర్గం 1600. వాటాల వర్గాల మొత్తం 400, 10 ఊర్లతో గుణిస్తే 4000. సూచిక 0.4. రోడ్డు మారలేదు, తీగ మారలేదు, వేగం మారలేదు. జాబితాలో ఎవరి పేరు రాసినం అన్నది ఒక్కటే మారింది.

నా దృష్టిలో మొత్తం చరిత్రలో మనకు పనికొచ్చే ముక్క ఇదే. రద్దీ నియమాలు లైనులో నిలబడ్డోళ్ళ మధ్య న్యాయం చేస్తయి. లైనులోకి ఎవరు రావాలె అనేది వేరే చోట, వేరే కాగితం మీద రాస్తరు.

ఆ కాగితాలు ఏవో చూడండి. 2011లో కేంద్రం ఆమోదించిన ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, ఇప్పటి భారత్‌నెట్, గ్రామ పంచాయతీల దాకా లైను తెస్తది. అప్పటికి మన తండాలు చానావరకు పంచాయతీలు కావు, పక్క ఊరికి ఆవాసాలు. కాబట్టి తండా పేరు ఆ లెక్కకే రాదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు పంచాయతీలైనయి. 'మా తండాలో మా రాజ్యం' అని దశాబ్దాలు కొట్లాడితే వచ్చింది సర్పంచి కుర్చీ ఒక్కటే అనుకోవద్దు. పంచాయతీ పేరుతో కొలిచే ప్రతి జాబితాలో పేరు అడిగే హక్కు కూడా వచ్చింది. చిన్న చిన్న చెంచు పెంటలు మాత్రం ఇంకా వేరే పంచాయతీ కిందనే ఉన్నయి.

2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 4జీ లేని 24,680 ఊర్లకు టవర్లు ఇస్తమని ఆమోదించింది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల లాంటి 75 ఆదిమ తెగల ఆవాసాలకు ఇల్లు, రోడ్డు, నీళ్ళతో పాటు మొబైల్ టవర్ కూడా ఉంది. ఊరు లెక్కన కొలిస్తే పెంట తప్పిపోవచ్చు, ఆవాసం లెక్కన కొలిస్తే దొరకొచ్చు. యూనిట్ ఏందనేది సాంకేతిక సంగతిలాగ కనబడతది గని, పెంటకు టవర్ వస్తదా రాదా అనేది దాని మీదనే ఉంటది.

అడవి సంగతి కూడా దాచొద్దు. టైగర్ రిజర్వులో టవర్ వేయాలన్నా, కేబుల్ తవ్వాలన్నా అటవీ అనుమతి కావాలె. అడవి మనది, పులి కూడా మన అడవిదే, ఇష్టమొచ్చినట్టు తవ్వమని మనమూ అనం. మన్ననూర్ గేటు రాత్రి పడుతున్నదంటే దానికో కారణం ఉంది, ఆ కారణం అందరికీ చెప్పిండ్రు. అదే తీరుగ, పెంటకు సిగ్నల్ ఎందుకు లేదో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో కూడా ఆ పెంటోళ్ళకు చెప్పాలె. నియమం ఉండుడు తప్పు కాదు. దాన్ని ఎవరు, ఎందుకు రాసిండ్రో తెలియకపోవుడే తప్పు.

9. ఇప్పుడు చదివేటోళ్ళకు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సబ్జెక్టును బట్టీ కొట్టకండి. చిల్లు కుండలో నీళ్ళు ఎంత దబదబ పోసినా, కింద ఒకటే ధార పడతది, అది లీకీ బకెట్. ఖర్చు పెట్టని చీటీలు కొన్ని దాచుకొని, అవసరం పడ్డనాడు ఒకేసారి వాడుకునేది టోకెన్ బకెట్. ఇవి మనకు రానివి కావు.

ల్యాబ్‌లో లినక్స్ ఉంటే టీసీ అనే కమాండు ఉంటది. ట్రాఫిక్ కంట్రోల్ అనే మాటకే అది పొట్టి పేరు. దాంట్లో నెట్‌ఎమ్ అనేది వాడి, హాస్టల్ వైఫై మీదనే 600 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి రెండు ప్యాకెట్లు పోయేట్టు పెట్టండి. అంటే ల్యాబ్‌లో కూసొని పెంటను తయారు చేసినట్టు. అప్పుడు రెనో ఎట్ల నడుస్తది, క్యూబిక్ ఎట్ల నడుస్తది, బీబీఆర్ ఎట్ల నడుస్తది అని కొలిచి రాయండి. పంపకానికి జైన్ సూచిక కట్టండి. ఇది మంచి మినీ ప్రాజెక్టు, ఖర్చు రూపాయి లేదు.

ఫైనల్ ఇయరోళ్ళు ఇంకో అడుగు వేయొచ్చు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తండా, మీ పెంట, పక్క పెంటలు తిరిగి ఏ ఇంటి కాడ సిగ్నల్ ఎంత, పింగ్ ఎంత, ఏ టైముకు ఎంత అని రాసుకొని రండి. అందరిదీ కలిపి ఒకటే పట్టీ చేద్దాం. టవర్ కోసం వినతిపత్రం ఇచ్చేటప్పుడు 'మాకు సిగ్నల్ లేదు సారూ' అనే మాటకు, తేదీతో సహా కొలతలున్న పట్టీకి చాలా తేడా ఉంటది. ఆ పట్టీలో సున్నా వచ్చిన పెంటను వదిలేయొద్దు. సున్నానే రాయండి. సున్నా రాస్తేనే సూచిక నిజం చెప్తది.

కోపెన్‌హేగన్‌లో ఎర్లాంగ్, బర్క్‌లీలో జాకబ్సన్, బెంగళూరు నుంచి పోయిన జైన్, రామకృష్ణన్... వీళ్ళందరూ తమ ముందటున్న కష్టం చూసి నియమం రాసిండ్రు. తమ ముందట లేని కష్టం వాళ్ళకు కనబడలేదు. అడవి అంచున రసీదు కోసం ఎదురుచూసే ప్యాకెట్ కష్టం ఏందో మనకు తెలుసు. ఆ నియమాలు రాసే గదిలోకి మన పిల్లలు పోవాలె.

మీ పెంట, తండా కొలతలు కామెంట్లలో పెట్టండి. నేను మా దగ్గరివి ముందు పెడతా.